చేతి కంటని మట్టిచదువు

మన ఇంజనీరింగు కళాశాలలలో సివిల్ శాఖ విద్యార్థికి సామాన్యముగ మూడవయేట మట్టిశాస్త్రము పాఠ్యమగును. సాయిల్ మెకానిక్సని దానికి వాడుకపేరు. నేల యెంత బరువు మోయును, ఎంత కుంగును, నీరు దానిగుండ నెట్లు నడచును, ఎప్పుడది జారిపోవును అను విషయముల నీ శాస్త్రము విచారించును. ఇల్లుగాని, వంతెనగాని, చెరువుకట్టగాని తుదకు నిలుచునది నేలమీదనే కదా! ఈ చదువునకు రెండు భాగములు కలవు: తరగతిలో వినునది యొకటి, ప్రయోగశాలలో చేయునది యొకటి. మొదటిదానిని గూర్చి మే మిప్పుడు పలుకబోము. రెండవది పెక్కు కళాశాలలలో చచ్చినది. చచ్చినదని తెలిసియు దానికి వారమునకు మూడుగంటలు కేటాయించి, మార్కులు వేసి, సంతకములు చేసి, అది బ్రదికియున్నట్లే నటించుచున్నాము. ఆ నటనను గూర్చియే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

ఆ మూడుగంటల తంతు నెరుగని చదువరులకై దానిని కొంచెము వర్ణింపవలసియున్నది. జట్టున కైదారుగురు విద్యార్థులు, జట్టు కొక పరికరము. అటెండరు ముందుగనే మట్టిని జల్లించి, తడిపి, ముద్దచేసి బల్లపై నుంచును. ఉపాధ్యాయుడు పరికరముల పేర్లు చెప్పి తన గదికి వెడలును. జట్టులో నొకడు, ఎల్లప్పుడు నా యొకడే, పిడి త్రిప్పును. మరియొకడు అంకెలు వ్రాయును. తక్కినవారు గోడల కానుకొని ఫోనులు చూచుకొందురు. గంట గడచునప్పటికి పోయినయేటి రికార్డు పుస్తక మొకటి యెక్కడినుండియో బయలువెడలును. అందలి యంకెలు వరుసగ క్రొత్తపుస్తకములలోని కెక్కును. కొందరు బుద్ధిమంతులు దశాంశస్థానమున నొక యంకెను మార్తురు. అంతకంటె బుద్ధిమంతులు మరికొంద రున్నారు. వారు తుదిఫలిత మెంత రావలెనో ముందే నిశ్చయించుకొని, అందుండి వెనుకకు లెక్కగట్టి, తడిమట్టి బరువును ఎండినమట్టి బరువును కల్పించుకొందురు. ఈ వెనుకనడక గణితము నిజముగ కష్టమైనది. ప్రయోగము చేయుటకంటె దీనికే యెక్కువ తెలివి కావలెను. వారి గ్రాఫుపై చుక్కలన్నియు నూలుపట్టి చూచినట్లు సరళరేఖమీదనే పడును. నిజమైన మట్టి యెన్నడును అంత విధేయముగ నుండదు. ఆ సంగతి ఉపాధ్యాయునికి తెలియకపోదు. తెలిసియు ఎర్రసిరాతో సంతకము చేయును.

మేము చూచిన యొక కళాశాల రికార్డులలో నాలుగేండ్ల విద్యార్థులు పరీక్షించిన మట్టికి లిక్విడ్ లిమిట్ దశాంశముతోసహా ఒక్కటిగనే యున్నది. ఆ నాలుగేండ్లలో ప్రయోగశాల మూలనున్న మట్టికుప్ప ఎన్నిమారులు మారియుండెనో! తనిఖీసంఘము వచ్చునాడు మాత్రము పరికరములకు రంగు పూయుదురు, జల్లెడలను తుడిచి వరుసగ పేర్తురు. ఖరీదైన యంత్రములపై కప్పిన ప్లాస్టిక్ తొడుగు నానాడు కూడ తీయరు; తీసినచో దుమ్ము పడునట. మట్టిని పరీక్షించు గదిలో దుమ్మునకు భయపడుట విచిత్రమే.

ఇందువలన మునిగినదేమి, పుస్తకమున నన్నియు నున్నవి గదా యని యడుగువారు గలరు. వారికై ఒక చిన్న పరీక్షనే తీసికొందము. మట్టికి నీరు కలుపుచు పోగా అది గట్టిగడ్డ దశనుండి ముద్దదశకును, ముద్దనుండి జారుదశకును మారును. ఈ హద్దులను 1911లో స్వీడను దేశపు రసాయనవేత్త ఆటర్‌బర్గు నిర్ణయించెను. ఆర్థర్ కాసగ్రాండే 1932లో జారుహద్దును కొలుచు ఇత్తడిగిన్నె పరికరమునకు స్థిరమైన ప్రమాణములు కల్పించెను. గిన్నెలో మట్టిముద్దను పరచి, నడుమ గాడి తీసి, పిడి త్రిప్పుచుండిన గిన్నె ఒక సెంటీమీటరు ఎత్తునుండి పడుచుండును. 25 దెబ్బలకు గాడి యడుగున 12 మిల్లీమీటర్ల మేర కలిసికొన్నచో అప్పటి తేమయే లిక్విడ్ లిమిట్. పుస్తకమున నింతే, నాలుగు పంక్తులు.

చేతితో చేసినవాని కిది నాలుగు పంక్తులు కాదు. నల్లరేగడి నీటిని తొందరగ లోనికి రానీయదు. బాగుగ కలిసినదని తలచి గిన్నెలో వేసిన, లోపల పొడిగుండ్లు మిగిలియుండి గాడి వంకరగ చినుగును. రాత్రియంతయు నాననిచ్చి మరునాడు చేసిన ఫలితము వేరుగ వచ్చును. ఎర్రచెలక మట్టి పదినిమిషములలో లొంగును. కాకినాడ తీరపు బంకమన్ను కత్తిని పట్టుకొని వదలదు. పిదప అదే మట్టిని గాజుపలకపై అరచేతితో దొర్లించి 3 మిల్లీమీటర్ల దారముగ చేసి, అది చిట్లు సమయమునకై కనిపెట్టవలెను. ఒక మట్టి దారము చేతికి మొండిగ నెదురు నిలుచును, మరియొకటి మెత్తగ నలిగిపోవును. రెంటికిని పుస్తకమున వచ్చు అంకె ఇంచుమించుగ నొక్కటియే కావచ్చును. కాని అరచేతికి అవి యొక్కటి కావు. ఆ మొండితనమునకు రికార్డు పట్టికలో గడి లేదు. దాని నెరిగినవాడు మాత్రము పునాది త్రవ్వునప్పుడు గోతిలోని మట్టిని చూచి ఒక్క క్షణ మాగును.

ఇసుకయు గాక, బంకయు గాక, నడుమనుండు సన్నని ఒండ్రుమన్ను కలదు. చూపునకు బంకమన్నువలెనే యుండి మోసము చేయునది యిదియే. దాని తడిముద్దను అరచేత నుంచుకొని రెండవచేతితో ప్రక్కనుండి తట్టిన నీరు పైకి తేలి మెరయును. వ్రేళ్ళతో నొక్కిన ఆ మెరుపు మాయమగును. బంకమన్ను కిట్టి మెరుపు రాదు. ఎండినగడ్డను వ్రేళ్ళనడుమ నలిపిన ఒండ్రు పిండియగును. బంక బొటనవ్రేలిని నొప్పించునుగాని విరుగదు. ఇవి పైస ఖర్చులేని పరీక్షలు. భారతీయ ప్రమాణ సంస్థవారి 1970వ సంవత్సరపు నేలల వర్గీకరణ గ్రంథమున వీనికి స్థానము కలదు. ఈ రెండుమట్టుల భేద మెరుగని యింజనీరు చెరువుకట్ట నడుమ నీటి నాపవలసిన చోట బంకకు మారుగ ఒండ్రు పోయించును. మొదటి నిండుచెరువునాడు కట్ట వెనుక చిన్నబుంగ పడును. బుంగ గండియగుట కెంతసేపు పట్టును? పట్టా పుచ్చుకొన్నవారిలో నెందరు ఈ మెరుపును తమ అరచేత చూచియున్నారో వారినే యడుగుడు.

రేగడిమాట వచ్చినది గనుక మరియొకటి చెప్పెదము. తెలుగుదేశమున నల్లరేగడి నేల విస్తారముగ నున్నది. వానకు పొంగి వేసవికి బీటలువారి, తనపై కట్టిన చిన్నయిండ్ల గోడలను చీల్చునది యిదియే. దీని పొంగును తెలిసికొనుట కొక సులభమార్గము గలదు. పొడిమట్టిని పదేసి గ్రాములు రెండు గాజు కొలపాత్రలలో పోసి, ఒకదానిలో నీరును, మరియొకదానిలో కిరోసినును నింపి, ఒక దినము కదలింపకుండ నుంచవలెను. కిరోసినులోని మట్టి పొంగదు, నీటిలోనిది పొంగును. రెంటి భేదమే పొంగుకొలత. మరునాటి యుదయమున వచ్చి ఆ రెండుపాత్రలను ప్రక్కప్రక్కన చూచిన బాలుడు తన గ్రామములోని యింటిగోడ లేల పగిలినవో ఎవ్వరు చెప్పకయే గ్రహించును. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు రేగడికై అడుగున ఉబ్బెత్తుగల పైలుపునాదుల నేల ప్రచారము చేసిరో, బొంబాయి ఐఐటీలో ఆచార్య కట్టి పొంగని మట్టిపొర నొకదానిని రేగడిపై పరచు పద్ధతి నేల కనిపెట్టెనో, అప్పుడు వానికి చెప్పిన నాటుకొనును. ఆ పాత్రలు చూడనివానికి ఇవి పరీక్షలో వ్రాయవలసిన రెండుపేర్లు మాత్రమే.

దిమ్మిస సంగతియు నిట్టిదే. 1933లో అమెరికాలో ప్రాక్టరను ఇంజనీరు కట్టలమట్టిని దిమ్మిసకొట్టు పరీక్షను ప్రకటించెను. మన ప్రమాణము ననుసరించి 2.6 కిలోల దిమ్మిసను 31 సెంటీమీటర్ల ఎత్తునుండి, మూడుపొరలుగ, పొరకు 25 దెబ్బల చొప్పున వేయవలెను. మట్టి పొడిగనున్నప్పుడు దిమ్మిస ఎగిరి ధూళి లేచును. తేమ సరిపడినప్పుడు దెబ్బ చప్పుడు బిగువగును. తేమ మించినప్పుడు దిమ్మిసక్రింద మట్టి అణగి ప్రక్కన ఉబ్బును. ఈ మూడు స్థితులను తన భుజముతో నెరిగినవాడు రోడ్డుకట్టపై రోలరు నడచునప్పుడు చక్రముముందు మట్టి అలవలె లేచుట చూచి, నీరెక్కువైనదని దూరమునుండియే చెప్పగలడు. ఎరుగనివాడు ప్రయోగశాల కాగితము వచ్చువరకు వేచియుండును. ఆ కాగిత మెట్టిదో ముందు చెప్పెదము.

ఇంత తెలిసియు మన మీ చదువు నేల చంపుకొంటిమి? డబ్బులేకకాదు; ఇత్తడిగిన్నెకు, జల్లెడలకు, కిరోసినుకు పెద్దధనమక్కరలేదు. మాకు తోచిన కారణము వేరు. మట్టి ముట్టుట మనకు నామోషి.

మన పూర్వులకు నేలను గూర్చిన జ్ఞానము లేకపోలేదు. కడపజిల్లా పోరుమామిళ్ల చెరువుకడ 1369వ సంవత్సరపు శాసన మొకటి యున్నది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. మంచిచెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరుదోషములను ఆ శాసనము పేర్కొనుచున్నది. నేల గట్టిమట్టితో నుండుట అంగములలో నొకటి. చౌటినేల యగుటయు, కట్టనుండి నీరూరుటయు దోషములు. దినమునకు వేయిమంది చొప్పున రెండేండ్లు పనిచేసిరని కూడ నందు చెప్పబడినది. ఆ శాసనపు శ్లోకములు కూర్చిన పండితునికి ఆ దోషము లెవరు చెప్పియుందురు? చౌడును కాలితో త్రొక్కి, నాలుకకు తాకించి గుర్తించిన పనివారే గాక మరియెవరు? ఇసుకపై పునాది నిలుపు విద్యను ఈ దేశపు పాతకట్టడములనుండియే నేర్చితిమని గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర స్వయముగ నొప్పుకొనియున్నాడు. 1847లో ధవళేశ్వరమువద్ద ఆయన మొదలిడిన పని ఇసుకపైననే నిలిచినది.

అట్టి విద్యగల వడ్డెరలను, ఉప్పరులను, కుమ్మరులను మనము ఏ పంక్తిలో కూర్చుండబెట్టితిమో చెప్పనక్కరలేదు. మట్టి ముట్టినవాడు తక్కువవాడు, కాగితము ముట్టినవాడు ఎక్కువవాడు అను పాతమడి యిప్పుడు తెల్లకోటు తొడుగుకొని ప్రయోగశాలలో నిలిచియున్నది. తండ్రి తన కొడుకును ఇంజనీరింగునకు పంపుట వానిని మట్టినుండి దాటించుటకు. ఆ కొడుకుచేత మేము మరల మట్టి పిసికించెదమన్న ఎట్లు సంతసించును? ఈ తండ్రిని మేము పూర్తిగ నిందింపజాలము. తరతరములుగ ఎండలో తట్టలు మోసినవాడు బిడ్డకు నీడ కోరుట తప్పుగాదు. కాని మట్టి తెలిసిన వంశమునుండి వచ్చిన ఆ బాలుడు కళాశాలలో చేరి తన తాతకు తెలిసినంతకూడ తెలియకుండ బయటకు వచ్చుట ఎంత విపరీతము!

ఆడపిల్లల విషయమున ఈ మడి ఇంకొక రూపు దాల్చినది. జట్టులో నామె యున్నచో పుస్తకమును కలమును ఆమెకిచ్చి, దిమ్మిసను మగపిల్లవాడు పట్టును. అది మర్యాదయట! రెండున్నర కిలోల యినుప దిమ్మిస మోయలేనిదా ఆమె? మన చెరువుకట్టలపైకి, రోడ్లపైకి తట్టలతో మట్టి చేరవేసినవారిలో స్త్రీలెందరో లెక్కలేదు. నేటికిని ఏ కట్టడముకడకు పోయినను వారే కనబడుదురు. కూలిగ మోయుటకు పనికివచ్చిన చేయి శాస్త్రముగ తెలిసికొనుటకు పనికిరాకుండుట యేమి న్యాయము? ఇంజనీరైన పిదప ఆ యువతియే గోతివద్ద నిలువబడి మట్టి మంచిదో కాదో చెప్పవలసియుండును. అప్పుడు మర్యాద చూపిన మగపిల్లవాడు ప్రక్కన నుండడు.

ఇక అటెండరు. ఇరువదేండ్లు మట్టి పిసికినవాడు గనుక ముద్దను చూచి ఇంకను రెండుచుక్కల నీరు కావలెనని చెప్పగలడు. గాడి వంకరపోయిన కారణము నతడే చెప్పును. వార్షికపరీక్షనాడు చిక్కుకొన్న విద్యార్థి చూపు పరీక్షకునివైపుగాక అతనివైపే పోవును. అతనికి ఉపాధ్యాయుడని పేరు లేదు, ఆ జీతము లేదు, కుర్చీ కూడ లేదు. చేయువాడు తెలిసినవాడై యుండియు అజ్ఞాని యనిపించుకొని, చేయనివాడు తెలియనివాడై యుండియు పట్టభద్రు డగుచున్నాడు. సంఘసంస్కారమును గూర్చి సభలలో నుపన్యసించువారు ఒక్కమారు ఈ గదిలోనికి తొంగిచూచిన బాగుండును.

ఈ శాస్త్రమును నిలిపిన టెర్జాగీ మట్టికి దూరముగ నిలిచినవాడు కాడు. ఆయన ఇస్తాంబులు నగరమున రాబర్టు కళాశాలలో బోధించునప్పుడు సరియైన ప్రయోగశాలయే లేదు. పారవేసిన సామగ్రితోను సిగారుపెట్టెలతోను పరికరములు కూర్చుకొని తన చేతులతో పరీక్షలు సాగించెను. 1925లో వియన్నాలో వెలువడిన ఆయన గ్రంథమునకు ఆ పరీక్షలే పునాది. మనకు సిగారుపెట్టెలు కాదు, రంగు పూసిన యంత్రములే యున్నవి.

ఇక మాకు చెప్పబడు సమాధానములను విచారింతము.

కాలము చాలదందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. కన్సాలిడేషను పరీక్షను చూడుడు. 60 మిల్లీమీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందముగల మట్టిబిళ్లపై బరువునుంచి, 24 గంటలు అది కుంగుచుండుటను కొలిచి, పిదప బరువును రెట్టింపుచేసి మరల 24 గంటలు చూడవలెను. ఇట్లు వారమునకు పైగ పట్టును. మూడుగంటల గడియలో నిది పట్టదు గనుక అంకెలు ముందుగనే యిచ్చి గ్రాఫు గీయుడనుచున్నారు. కాని ఈ పరీక్ష నేర్పవలసిన పాఠమే కాలము! బంకమన్నులోని నీరు మెల్లమెల్లగ బయటకు పోవును. పోయినంతమేర నేల కుంగును. పొరమందమునకు వర్గముగ ఆ కాలము పెరుగును. ప్రయోగశాలలో 20 మిల్లీమీటర్ల బిళ్ల నూటికి తొంబదిపాళ్లు కుంగుట కొకగంట పట్టినదనుకొందము. అదే మట్టి, అదే విధమున నీరుపోవు నాలుగుమీటర్ల పొర దానికి రెండువందల రెట్లు మందము. కాలము నలువదివేల రెట్లు. నలువదివేల గంటలన్న నాలుగున్నరయేండ్లకు పైమాట. కట్టినవాడు బిల్లు పుచ్చుకొని పోయిన పిమ్మటకూడ ఇల్లు కుంగుచునే యుండుననుటకు ఇంతకంటె చక్కని నిదర్శనమేది? ఉదయము వచ్చి ఒకమారు, సాయంకాలము వచ్చి ఒకమారు, రాత్రి వసతిగృహమునుండి వచ్చి ఒకమారు ముల్లు చూచి అంకె వ్రాసికొన్నవాడు ఈ నెమ్మదిని జీవితాంతము మరువడు. కావలసినది ప్రయోగశాల తలుపునకు సాయంకాలము అయిదింటికి తాళము వేయకుండుట. వంతులవారిగ విద్యార్థులే చూచుకొందురు. విద్యార్థులు కంప్యూటరు శాఖలవైపు పరుగిడుచుండుటచే సివిల్ తరగతులు పలుచోట్ల పలుచబడినవి గనుక, పిల్లలు మిక్కుటముగ నున్నారను సాకు అచ్చట చెల్లదు.

రెండవ సమాధానము కంప్యూటరు తెర. కేంద్రప్రభుత్వము నడపుచున్న వర్చువల్ ల్యాబ్స్ అను ఏర్పాటు కలదు. అందు బొత్తాము నొక్కిన గిన్నె తానే పడును, గాడి తానే కలియును. 2020లో కరోనావలన కళాశాలలు మూతపడినప్పుడు అది దిక్కైనమాట నిజము. ప్రయోగమునకు ముందు దాని క్రమమును తెలిసికొనుటకు నేడును పనికివచ్చును. మా తగవు దానితో కాదు. తలుపులు తెరచిన పిదపగూడ దానినే ప్రయోగమనుకొనువారితో. తెరపైని మట్టి అందరికి నొక్కటే. అది ఎన్నడు గడ్డకట్టదు, కత్తి కంటుకొనదు, చేసినవాని తొందరపాటునకు శిక్ష వేయదు. ఈతను చదివి గోదావరి దాటువాని కథ మనవారికి క్రొత్తగాదు.

మూడవది పెద్దమనుష్యుల వాదము. పట్టభద్రుడు రేపు తానుగ పరీక్షలు చేయడు, సహాయకులు చేసి తెచ్చిన ఫలితములను చూచి నిర్ణయించును. కావున వానికి చేయుట రానక్కరలేదని వారందురు. వినుటకు బాగుగనే యున్నది. కాని వంట రాని యజమాని యెదుట వంటవాడెట్లు ప్రవర్తించునో గృహస్థు లెరుగుదురు. ఫలితములోని తప్పును పట్టవలెనన్న ఆ తప్పు చేయుట యెంత సులభమో తెలిసియుండవలెను. పొయ్యిలో పూర్తిగ ఆరకముందే తూచిన మట్టికి తేమ తక్కువగ కనబడును. పొడిగుండ్లు మిగిలిన ముద్ద కొకవిధపు అంకె వచ్చును. తానొకనాడు ఈ తొందరపాట్లు చేసినవాడే వానిని కాగితముపై పసికట్టగలడు.

నీరు నేలక్రింద చేయు పనిని చూపుట కొక గాజుతొట్టి చాలును. అందు ఇసుక పోసి, అడుగునుండి నీటిని మెల్లగ పైకి పంపుచు, ఇసుకపై ఇనుపగుండు నొకదాని నుంచవలెను. నీటి యొత్తిడి ఒకహద్దు చేరువరకు గుండు నిశ్చలముగ నుండును. ఆ హద్దు దాటినతోడనే ఇసుక ఉడుకునట్లు కదలి గుండును మ్రింగివేయును. చూచుచున్నవారు ఒక్కపెట్టున వెనుకకు జరుగుదురు. 2023 అక్టోబరు 21వ తేదీన గోదావరిపై మేడిగడ్డ బ్యారేజి ఏడవ బ్లాకులో స్తంభములు కుంగినవి. జాతీయ డ్యాముల భద్రతాసంస్థ పంపిన నిపుణులు యోచన, రూపకల్పన, పనినాణ్యము, నిర్వహణము అను నాలుగింటిలోను లోపముల నెన్నిరి. అడుగుననున్న ఇసుక కొట్టుకొనిపోవు స్వభావము గలదనియు వ్రాసిరి. అంతపెద్దపనిలోని లోపములను కళాశాల గాజుతొట్టిపై నెట్టుట మా యుద్దేశము కాదు. అయితే ఆ వార్త వచ్చిననాడు మన సివిల్ విద్యార్థులలో నెందరు ఇసుక ఉడుకుటను కన్నులార చూచినవారై దాని నర్థముచేసికొని యుందురు? సూత్రము మాత్రము అందరికి కంఠస్థమే.

ఇక ముందు చెప్పెదమన్న కాగితము సంగతి. రోడ్డుకట్టలో ప్రతిపొరను గరిష్ఠసాంద్రతలో ఇంతశాతమునకు తక్కువగాకుండ దిమ్మిసకొట్టవలెనను నియమము కలదు. జాతీయరహదారులలో కట్టకు 95, పైపొరకు 97. పొరలో గుంత త్రవ్వి, మట్టి తూచి, గుంతను కొలిచిన ఇసుకతో నింపి దీనిని తేల్చవలెను. ఎండలో గంటసేపు మోకాళ్లపై కూర్చుండి చేయవలసిన పని. గుంత త్రవ్వకయే కార్యాలయపు నీడలో 97.4 అని, 98.1 అని వ్రాయుట యెంత సుళువు! వ్రాయువా డీవిద్య నెచ్చట నేర్చెను? మూడవయేట, ప్రయోగశాలలో, ఫలితమునుండి వెనుకకు లెక్కగట్టుటలో నేర్చెను. ఎర్రసిరా సంతకముతో దానికి మెప్పును పొందెను. లంచమును గూర్చి మన పత్రికలు పుంఖానుపుంఖముగ వ్రాయుచున్నవి. లంచమునకు ముందు అలవాటైన యీ కల్పితాంకెను గూర్చి ఎవ్వరును వ్రాయరు. పదునెనిమిది, పందొమ్మిదేండ్ల బాలుడు స్వభావముచేత అబద్ధికుడు కాడు. నిజమైన అంకె వ్రాసినవానికి, చుక్కలు రేఖపై పడలేదని మార్కులు తగ్గించి, కల్పించినవానికి పూర్తిమార్కులు వేసి మనమే వానిని దిద్దుచున్నాము.

కావున చేయవలసిన మొదటిపని ఆ సుందరమైన రికార్డు పుస్తకమును తీసివేయుట. ప్రయోగము చేయుచుండగనే సిరాతో వ్రాసిన చిత్తుకాగితము, మట్టివ్రేళ్ల ముద్రలతో నున్నను సరే, గది విడుచుటకు ముందే ఉపాధ్యాయుని సంతకముతో అచ్చటనే నిలువవలెను. చుక్క రేఖకు దూరముగ పడినచో ఎందుకట్లు పడెనో రెండువాక్యములు వ్రాసినవానికి ఎక్కువమార్కు లీయవలెను. సంక్రాంతికి ఇంటికి పోయిన ప్రతివిద్యార్థియు తన యూరి మట్టిని ఒక సంచెడు తేవలెను: పొలముదొకటి, చెరువుగట్టుదొకటి, ఇంటిపునాది గోతిలోనిదొకటి. సంవత్సరమంతయు వాడు పరీక్షింపవలసినది ఆ మట్టినే. ఆదోనివాని సంచికిని అమలాపురమువాని సంచికిని ఒక్క అంకె రానేరదు గనుక, ప్రక్కవాని పుస్తకమును చూచి వ్రాయుటకు వీలేయుండదు. నాలుగేండ్లు గడచునప్పటికి ఆ కళాశాలకు చుట్టుప్రక్కల జిల్లాల నేలలను గూర్చిన యొక సొంతభండారమును చేకూరును. ఇల్లు కట్టుకొను పేదరైతు వచ్చి యడిగిన చెప్పుటకు పనికివచ్చును.

వార్షికపరీక్షను కూడ మార్చవలెను. ఆటర్‌బర్గు ఎవరు, సూత్రమేది అను ప్రశ్నలు మాని, పేరులేని తడిగడ్డ నొకదానిని విద్యార్థి చేతిలో పెట్టవలెను. ప్రక్కన చెంబెడు నీరు, గాజుపలక, పదునైదు నిమిషముల వ్యవధి. ఇది యేమి మన్ను, దీనితో చెరువుకట్ట పోయవచ్చునా, దీనిపై రెండంతస్తుల ఇల్లు నిలుచునా, నిలువదన్న నీవేమి చేయుదువు అని యడుగవలెను. వాడు చెప్పు సమాధానమునుబట్టికాదు, గడ్డను పట్టుకొన్న తీరునుబట్టియే సగము తెలిసిపోవును. ఆ తీరును గుర్తించుటలో అందరికంటె నేర్పరియైన అటెండరునకు పరీక్షకుని ప్రక్కన ఒక కుర్చీ వేయించవలెను. మార్కుల పట్టికపై అతని సంతకమునకు గూడ ఒక గడి యుంచవలెను.